సగటున పంతొమ్మిది రోజులు

“మళ్ళీ చూడమ్మాయ్.”

“చూశానాంటీ. మూడుసార్లు చూశాను.”

“నాలుగోసారి చూడు. నీ కంప్యూటరేం అరిగిపోదు.”

శుక్రవారం, పొద్దున పదకొండు దాటింది. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్లకు తేదీలిచ్చే కిటికీ. ఊచల లోపల కుర్చీలో నౌషీన్, మూడేళ్ళుగా అక్కడే. ఊచల బయట గిలకలదిండి నుంచి వచ్చిన సత్యవతి, పద్నాలుగు నెలలుగా అక్కడే. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి బాగా అలవాటైపోయింది. ఆ అలవాటు ఇద్దరిలో ఎవరూ కోరుకున్నది కాదు.

“సరే, పేరు చెప్పండి.”

“పద్నాలుగు నెలల్నించి తిరుగుతున్నా, ఇంకా పేరడుగుతావా?”

“నేను కాదాంటీ. కంప్యూటర్ అడుగుద్ది.”

“ఏసుపాదం. నలభై తొమ్మిదేళ్ళు. కుడి గజ్జలో పేగు జారింది. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలెత్తే పని. ఎత్తేవాడు అని రాసుకో, ఇప్పుడు ఎత్తట్లేదు.”

“హెర్నియా. ఆ, వచ్చింది. తేదీ దగ్గర ఖాళీగా ఉంది.”

“ఖాళీ అంటే?”

“ఇవ్వలేదని.”

“ఇవ్వకపోవడమేంటి? ఐదుసార్లిచ్చారు! ఇదిగో, మా చర్చి కాలెండరు. రెండేళ్ళవీ తెచ్చాను. ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను చూడు. మా పాస్టరుగారు చూసి, ఇవన్నీ ఏం పండగలమ్మా అని అడిగారు.”

“అవన్నీ క్యాన్సిలైపోయినై ఆంటీ.”

“వాటంతటవే అయినయ్యా? మొదటిది క్రిస్మస్ ముందు. మంచమిచ్చారు, గొరిగారు, రాత్రి నుంచి కడుపు మాడ్చారు. మధ్యాహ్నం వచ్చి, రెండు సిజేరియన్లొచ్చినై, ఇంటికెళ్ళమన్నారు.”

“సిజేరియన్ ఆపుతామా మరి?”

“ఆపమన్నానా? ఆ పిల్లలు నూరేళ్ళు బతకాలి. రెండోది తుఫాను. అది దేవుడు చేశాడు, నిన్నేమీ అనను. మూడోసారి మత్తు డాక్టరు లేడు. నాలుగోసారి బీపీ ఎక్కువుందన్నారు. ఉండదా? ఇదిగో కోస్తాం, అదిగో కోస్తాం అని మూడుసార్లు పడుకోబెట్టి లేపితే మేకక్కూడా బీపీ వచ్చిద్ది.”

“ఐదోసారి మీరు రాలేదాంటీ. ఆబ్సెంట్ అని ఉంది.”

“ఎనిమిదింటికి రమ్మని పదింటికి మెసేజ్ పెట్టారు!”

“ఆ రోజు సర్వర్ లేటైంది.”

“లేటైంది మీ సర్వరు. ఆబ్సెంటు మా ఆయనకా?”

“ఆబ్సెంట్ పడితే లిస్టులో కిందకి వెళ్ళిపోద్ది. నేను పంపట్లేదాంటీ, అదే వెళ్ళిపోద్ది.”

“ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యరు. అన్నీ వాటంతటవే అయిపోతాయి. సరేగానీ, ఆ బోర్డెవరు రాశారు?”

“ఏ బోర్డు?”

“నీ నెత్తి మీదది. నాకు చదువొచ్చులే. సాధారణ శస్త్రచికిత్సలకు సగటు నిరీక్షణ, పంతొమ్మిది రోజులు.”

“నేనే టైప్ చేశాను. నెలాఖరుకి లెక్క తీసి పైకి పంపాలి. ఆ అంకే బోర్డు మీద పెట్టాలి.”

“ఏం లెక్క అది? నాకు చెప్పు. ఇక్కడే నిలబడి వింటాను. పద్నాలుగు నెలలు పంతొమ్మిది రోజులెట్లా అయినై?”

“వెనక జనమున్నారాంటీ.”

“వాళ్ళూ వింటారు. చెప్పు.”

“ఫిట్‌నెస్ వచ్చిన రోజు నుంచి ఆపరేషన్ రోజు దాకా ఎన్ని రోజులో అదీ లెక్క.”

“మేం మొదటిసారి వచ్చి చీటీ రాయించుకున్న రోజు?”

“అది ఓపీ.”

“స్కానింగుకి రెండు నెలలు తిరిగింది?”

“అది పరీక్షలు.”

“గుండె డాక్టరు సంతకానికి నెలన్నర కూర్చుంది?”

“అదీ పరీక్షల్లోకే వస్తుంది.”

“మరి ఎదురు చూడ్డం ఎప్పుడు మొదలైందే మాకు?”

“మత్తు డాక్టర్ గారు ఫిట్ అని రాసినప్పుడు. ఆ కాగితం ముప్పై రోజులు చెల్లుద్ది. ఆ లోపల ఆపరేషన్ అవ్వకపోతే మళ్ళీ రక్తం, మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ ఫిట్‌నెస్. అప్పుడు మళ్ళీ ఒకటో రోజు.”

“అంటే పదేళ్ళు కూర్చున్నా మాది నెల దాటదు.”

“కాగితం మీద దాటదు.”

“పోనీ, ఆ నెలన్నా కలిపారా మీ పంతొమ్మిదిలో?”

“లేదాంటీ. ఆపరేషన్ అయినవాళ్ళ రోజులే కూడతాం. కానివాళ్ళవి ఎట్లా కూడతాం? ఇంకా అవ్వలేదుగా.”

“అవ్వనోళ్ళు లెక్కలో లేరు.”

“లేరు.”

“ఎంతమంది లేరు?”

“అది బయటికి చెప్పకూడదు.”

“ఎంతమందే?”

“మెల్లగా మాట్లాడండి. మూడొందల పన్నెండు.”

“పోయిన నెల ఎంతమందికి కోశారు?”

“ఇరవై ఆరు.”

“ఓహో. త్వరగా అయినోళ్ళకి త్వరగా అయిందని బోర్డు కట్టారు. బాగుందమ్మా. చాలా బాగుంది.”

“అర్జీ పెట్టండాంటీ, సూపరింటెండెంట్ గారికి.”

“నాలుగు పెట్టాను. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల్లో కూడా పెట్టొచ్చాను. వారం తిరక్కుండా ఫోనుకి మెసేజొచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. మా ఆయన చదివి గజ్జల్లో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఉంది. ఎక్కడిదక్కడే ఉంది.”

“నవ్వించకండాంటీ.”

“నవ్వు, నీకేం. ఆయన నవ్వడం మానేశాడు. నవ్వితే జారుద్దని భయం. దగ్గాలంటే ముందు గోడకి ఆనుకుని, చేత్తో అదిమి పట్టుకుని, అప్పుడు దగ్గుతాడు. మా చర్చిలో ఆయన పాటెత్తుకుంటే హార్మోనియం వినపడేది కాదు. ఇప్పుడు పుస్తకం తెరిచి పెదాలు కదుపుతాడంతే. నేను రొయ్యలు వలిచి ఇంటికెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని ఉంటాడు. నన్ను చూసి తల దించుకుంటాడు. అదీ నా బాధ. రోగం కాదు.”

“ప్రైవేట్‌లో అడిగి చూడలేదా?”

“గుడివాడ తీసుకెళ్ళాను. సర్కారు ఆరోగ్య కార్డు చూసి, కార్డు మీదైతే ఈ ఆపరేషను సర్కారు ఆసుపత్రిలోనే అన్నారు. కార్డు లోపల పెట్టుకుని డబ్బు కడితే రేపే కోస్తాం అన్నారు. రేపే! డాక్టర్లకి రేపు అనే మాట వచ్చని అప్పుడే తెలిసింది నాకు.”

“నా మీద అరిచి ఏం లాభం చెప్పండి? మా అమ్మీ కూడా ఆ మూడొందల పన్నెండులో ఉంది.”

“ఎవరు? మీ అమ్మా?”

“రహమత్ బీ. రెండొందల నలభై మూడో నంబర్. గర్భసంచి. తొమ్మిది నెలలైంది.”

“లిస్టు నీ చేతిలో ఉండగానా?”

“నా చేతిలో ఉంది కాబట్టే. పైకి జరిపితే రేపు మీరే వచ్చి అడుగుతారు.”

“అడిగేదాన్నే.”

“ఇంట్లో ఆవిడా అడుగుద్ది, ఎందుకు జరపవని. ఇక్కడ మీరు, అక్కడ ఆవిడ.”

“సరేలే. టీ తాగావా?”

“లేదు. అంకుల్ ఏరీ? ఎప్పుడూ ఆ బల్ల మీద కూర్చునేవారుగా.”

“ఐస్ ఫ్యాక్టరీ దగ్గరున్నాడు.”

“మళ్ళీ పనిలోకి వెళ్తున్నారా? సర్జన్ గారు ఏం చెప్పారు! బరువు ముట్టుకోవద్దు, పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది అని నా ముందే తిట్టారుగా.”

“ఎత్తట్లేదమ్మా. ఊరికే కూర్చున్నాడు. ఇంకా ఎత్తలేదు.”

“మరి అక్కడెందుకు కూర్చోవడం?”

“నా ఫోన్ కోసం. నువ్వు తేదీ ఇచ్చావనుకో, లేచి ఇంటికెళ్తాడు.”

“ఇవ్వకపోతే?”

“నీ ఫ్యాను తిరగట్లేదేంటి?”

“పాడైంది. ఏమన్నా తిన్నారా ఆయన?”

“రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.”

“అయ్యో. ఓ, శుక్రవారం కదా, ఉపవాస ప్రార్థనా? మీ వాళ్ళు చేస్తారుగా.”

“అట్లాంటిదే. అమ్మాయ్, ఒక మాట. మొన్న మంగళవారం బంటుమిల్లి నుంచి ఒకాయనొచ్చాడు, చేపల చెరువుకి కాపలా ఉంటాడు. నరేంద్ర. ఆయనదీ ఇదే రోగమేగా?”

“ఇదే. కానీ ఆయన అర్జంట్ ఆంటీ. పేగు ఇరుక్కుని, వాంతులు చేసుకుంటూ వచ్చాడు. క్యాజువాలిటీ నుంచి నేరుగా థియేటర్‌కే.”

“ఎంతసేపట్లో?”

“రెండు.”

“రెండు రోజులా?”

“గంటలు.”

“మీ లిస్టులో ఉన్నాడా?”

“లేడు. అర్జంటుకి లిస్టుండదు. ఆ తలుపు వేరు.”

“ఎట్లా ఉన్నాడిప్పుడు?”

“నిన్న డిశ్చార్జ్ అయ్యాడు.”

“నడిచి వెళ్ళాడా?”

“నడిచే వెళ్ళాడు. నాకు నమస్కారం కూడా పెట్టాడు.”

“మరి మా కోడూరు అయ్యప్ప? మా పుట్టింటి పక్కిల్లే. వాడూ పేగు ఇరుక్కునే వచ్చాడుగా ఇక్కడికి.”

“ఆయన ఆదివారం వచ్చాడాంటీ. మత్తు డాక్టర్ గారు గుడివాడ నుంచి మంగళ, శుక్రవారాలే వస్తారు. అందుకని విజయవాడ పంపించారు.”

“ఉయ్యూరు దాటలేదు వాడు.”

“తెలుసు.”

“ఇద్దరిదీ ఒకటే రోగం. మంగళవారం వచ్చినోడు నడిచి వెళ్ళాడు. ఆదివారం వచ్చినోణ్ణి మోసుకొచ్చాం.”

“అట్లా అనుకోకండాంటీ. అర్జంటులో చాలా ప్రమాదం. పేగు నల్లబడితే కోసి తీసెయ్యాలి. అందరూ బతకరు.”

“లిస్టులో అందరూ బతుకుతున్నారా?”

ఇంతలో వరండా చివర నుంచి చక్రాల చప్పుడు దగ్గరకొచ్చింది. స్ట్రెచర్ తోసే దైవాధీనం.

“నౌషీనమ్మా! ఇవాళ్టి ఆపరేషన్లలో ఆ నాలుగో మనిషేడీ? లోపల అడుగుతున్నారు.”

“ఫోన్ తియ్యట్లేదు బాబాయ్. పొద్దుట్నించి చేస్తున్నా.”

“అయితే ఇక రాడు. ఒక టేబులు ఖాళీ. మత్తు డాక్టరుగారు ఊరికే కూర్చుని పేపరు చదువుతున్నారు.”

“ఖాళీయా? అన్నయ్యా, ఏమన్నావ్? ఇప్పుడు, ఈ రోజా?”

“ఇప్పుడే చెల్లెమ్మా.”

“నౌషీనూ, మా ఆయన్ని పెట్టు! మా వీధి బాబ్జీ ఆటో ఫ్యాక్టరీ దగ్గరే ఉంది. ఇరవై నిమిషాల్లో ఇక్కడుంటాడు. కడుపు ఖాళీ. నువ్వు లిస్టులో తర్వాతోళ్ళని పిలిచినా వాళ్ళు ఇడ్లీలు తిని ఉంటారు, పనికిరారు. ఈయన నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు. చూడు, పేరు కొట్టి చూడు!”

“ఉండండాంటీ, చూస్తున్నా. ఏసుపాదం. రక్తం ఓకే. ఎక్స్‌రే ఓకే. ఫిట్‌నెస్...”

“ఉందిగా? నేనే తెచ్చిచ్చానుగా నీ చేతికి.”

“నిన్నటితో అయిపోయింది.”

“ఏం అయిపోయింది?”

“ముప్పై రోజులు. నిన్నటితో ముప్పై.”

“ఒక్క రోజేగా?”

“ఒక్క రోజే.”

“నిన్న పనికొచ్చిన గుండె ఇవాళ పనికిరాదా?”

“గుండె కాదాంటీ, కాగితం. అది లేకుండా మత్తివ్వరు.”

“ఆయన లోపల పేపరు చదువుతున్నాడంటగా. ఆ పేపరు పక్కన పెట్టి ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టమను.”

“రక్తం మళ్ళీ తీయాలి, గుండె డాక్టర్ గారు మళ్ళీ చూడాలి. గుండె డాక్టర్ గారు ఇవాళ సెలవు.”

“చెల్లెమ్మా, ఆగు. నేను లోపలికెళ్ళి ఒక మాట అడిగొస్తా. మంచాయనే.”

“వెళ్ళన్నయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళు.”

“ఆంటీ, ఏడుస్తున్నారా?”

“లేదు. నీ ఫ్యాను తిరక్క చెమట.”

“ఇటు రండి, ఈ కాసిని నీళ్ళు తాగండి.”

“వద్దు. ఆయన తాగనప్పుడు నేనెట్లా తాగను?”

“ప్రార్థన అయ్యాక తాగుతారుగా.”

“ఊఁ. ప్రార్థన అయ్యాక.”

“అదిగో, బాబాయ్ వచ్చేశాడు. ఏమన్నారు బాబాయ్?”

“అడిగాను. కాగితం తెమ్మన్నారు.”

“మంచాయన అన్నావుగా అన్నయ్యా!”

“మంచాయనే చెల్లెమ్మా. అదే చిక్కు. పోయినేడు ఒకామెకి జాలిపడి కాగితం లేకుండా మత్తిచ్చాడు. ఏదో తేడా వచ్చింది. పై నుంచి ఒక్కడూ అండగా నిలబడలా. ఆయన మీదే ఎంక్వైరీ వేశారు. అప్పట్నించి కాగితం చూడందే సూది పట్టుకోడు.”

“మరి ఆ టేబులు?”

“ఖాళీగా ఉంటది.”

“ఎప్పటిదాకా?”

“నాలుగింటిదాకా. నాలుగింటి బస్సుకి ఆయన గుడివాడ వెళ్ళిపోతాడు. ఇక మంగళవారమే.”

“ఈలోగా అర్జంటుగా ఎవరన్నా వస్తే? ఆ టేబులిస్తారా?”

“ఇవ్వకేం చేస్తారు? సర్జను ఉన్నాడు, మత్తు ఉంది, టేబులుంది. ఈ రోజు వచ్చినోడు అదృష్టవంతుడే.”

“కాగితం అడుగుతారా వాణ్ణి?”

“అర్జంటుకి కాగితమేంటి చెల్లెమ్మా! నేను తోసుకుంటా పోవడం, వాళ్ళు కోసుకుంటా పోవడం.”

“ఆటోని క్యాజువాలిటీ మెట్ల దాకా రానిస్తారా? గేటు దగ్గర ఆపేస్తారా?”

“మెట్ల దాకా వచ్చిద్ది.”

“నీ స్ట్రెచరు చక్రం అట్లా కొట్టుకుంటందేంటి?”

“ఒకటి వంగింది. ఏడాదైంది చెప్పి. ఎవరికి చెల్లెమ్మా స్ట్రెచరు?”

“ఎవరికో ఒకరికి. నువ్వు దూరం పోవద్దన్నయ్యా. ఇక్కడే ఉండు.”

“నేనెక్కడికి పోతాను? సాయంత్రం దాకా నా బతుకు ఈ వరండానే. వస్తా నౌషీనమ్మా.”

చక్రం చప్పుడు క్యాజువాలిటీ వైపు వెళ్ళిపోయింది. నౌషీన్ మౌస్ అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది, నొక్కడానికి ఏమీ లేకపోయినా.

“నౌషీనూ.”

“చెప్పండాంటీ.”

“ఆఖరుసారి అడుగుతున్నా. ఒక చీటీ తీసుకో. దాని మీద ఒక తేదీ రాసి స్టాంపు వెయ్యి. వచ్చే నెల రాసుకో, సంక్రాంతి రాసుకో, ఈస్టరు రాసుకో. ఆ రోజు కోస్తారా లేదా నిన్నడగను. దొంగ తేదీ అయినా సరే.”

“దొంగ తేదీ ఏం చేసుకుంటారు?”

“చూపించి ఆయన్ని ఇంటికి తీసుకెళ్తాను. ఆ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర్నించి లేపుతాను. అంతే.”

“అబద్ధం ఎట్లా రాయనాంటీ?”

“పంతొమ్మిది రాశావుగా.”

“ఆంటీ...”

“పోనీలే. నిన్ననడం కాదు. నువ్వూ నాలాగే ఊచల వెనకున్నావు. నువ్వు లోపల, నేను బయట.”

“మంగళవారం రండి. ఈసారి నేనే దగ్గరుండి రక్తం తీయిస్తాను. గుండె డాక్టర్ గారి దగ్గర నేనే నిలబడతాను. మా అమ్మీ మీద ఒట్టు. ఫిట్‌నెస్ రాగానే...”

“రాగానే ఒకటో రోజు.”

“అవును. ఒకటో రోజు.”

“సరే. జరగండమ్మా వెనకాల, నేనొక ఫోన్ చేసుకోవాలి.”

“అటుపక్క సిగ్నల్ ఉండదాంటీ. ఇక్కడే చేసుకోండి. అంకుల్‌కేగా? నేను సారీ చెప్పానని చెప్పండి. ఏమన్నా తినమని చెప్పండి.”

“ఇదిగో, నేనే. వింటున్నావా? లేదు, ఇవ్వలేదు. ఊఁ. లేదంటున్నాగా. నువ్వేమీ తినలేదుగా? నీళ్ళూ తాగలేదుగా? మంచిది.”

“అదేంటాంటీ? తినమని చెప్పండంటే...”

“విను. మత్తు డాక్టరున్నాడు. నాలుగింటి దాకా ఉంటాడంట. సర్జనున్నాడు. టేబులు ఖాళీ. స్ట్రెచరు మనిషితో మాట్లాడాను, మెట్ల దగ్గరే ఉంటాడు. బాబ్జీ ఆటో స్టార్టు చేసే ఉంచమను, ఆపొద్దను.”

“ఎవరికాంటీ స్ట్రెచర్? ఆంటీ, ఎవరికి? ఆంటీ, ఆ ఫోన్ ఇటివ్వండి! బాబాయ్! దైవాధీనం బాబాయ్!”

“అదేం లేదు, ఇక్కడెవరో అరుస్తున్నారు. ప్రార్థన చేసుకున్నావా? నేనూ చేస్తున్నా. భయపడకు. పెద్ద దిమ్మ చూసుకో. ఎత్తు.”